బడిలోకి మన పాట: నూరేళ్ల దారి

మన గూడేల్లో పాటకు బడి కంటే వయసెక్కువ. అక్షరం రాకముందే మన పెద్దలు దేవుళ్ల పుట్టుకను, గోత్రాల కథను, ఊళ్లు కట్టిన తీరును పాటలోనే దాచుకున్నారు. విత్తనం వేసేటప్పుడు పాట, ఇప్పపువ్వు ఏరేటప్పుడు పాట, పెళ్లికి పాట, చావుకు పాట. గోండుల దండారిలో ఘుసాడీల గజ్జెల చప్పుడుకు పాట, కోయల కొలుపులో డోలు దెబ్బకు పాట. మన పిల్లలు నడక నేర్చేనాటికే తాళం నేర్చుకుంటారు.

అలాంటి పిల్లలు బడిలో అడుగుపెట్టగానే మూగవాళ్లవుతారు. 'పద్యం అప్పజెప్పు' అంటే తల దించుకుంటారు. ఆ పిల్లలే సాయంత్రం గూడెంలో డెంసా మొదలైతే ముందు వరుసలో ఉంటారు. పాట వాళ్లలో లేక కాదు. బడిలోని పాట వాళ్లది కాకపోవడం వల్ల ఇలా జరిగింది. బడికీ మన పాటకూ మధ్య ఈ దూరం ఎట్లా వచ్చింది, దాన్ని తగ్గించడానికి ఎవరెవరు ఏం చేశారు, ఇప్పుడు మనం ఏం చేయగలం అన్నది ఈ వ్యాసంలో చెప్పుకుందాం. ఇది పంతుళ్లకు మాత్రమే సంబంధించిన ముచ్చట కాదు. గూడెంలో చదువుకున్న ప్రతి తమ్ముడూ ప్రతి చెల్లీ వినవలసిన చరిత్ర.

సవర కొండల దగ్గర ఒక పంతులు

తెలుగు నేల మీద ఆదివాసీ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని మొదట గట్టిగా పూనుకున్నవాడు గిడుగు రామమూర్తి పంతులు. 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. చుట్టుపక్కల కొండల్లోని సవరలు సంతకు దిగివచ్చినప్పుడు వాళ్ల మాట ఆయన చెవిన పడింది. సవర తెలిసినవాళ్లను ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపారు. సవర భాషలో వాచకాలు తయారుచేశారు, పాటలు కూర్చారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. తర్వాత సవర నిఘంటువు కూడా వచ్చింది.

తెలుగువాళ్లు ఆయన్ని వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా గుర్తుంచుకున్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు మన బడుల్లో కూడా ఉపన్యాసాలు ఉంటాయి. కానీ ఆ ఉపన్యాసాల్లో సవర మాట అరుదుగా వినిపిస్తుంది. నిజానికి ఆయన చేసిన రెండు పనులకూ మూలం ఒకటే. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటకు బడిలో చోటు ఉండాలి. తెలుగు పిల్లవాడికి గ్రాంథికం ఎంత బరువో, సవర పిల్లవాడికి తెలుగు అంతకు పదింతలు బరువని ఆయన పని చూస్తే తెలుస్తుంది. ఆయన కొడుకు గిడుగు వెంకట సీతాపతి సవరల మీద పరిశోధన చేశారు. తెలుగు పిల్లల కోసం గేయాలు రాసిన తొలితరం వాళ్లలో కూడా ఆయన ఉన్నారు. ఒకే ఇంట్లో కొండ పాటా, పిల్లల పాటా కలిసి పెరిగాయన్నమాట.

సవరలు తమ భాషకు తామే ఒక లిపి కూడా చేసుకున్నారు. 1936లో మంగేయి గొమాంగో సోరంగ్ సోంపెంగ్ లిపిని రూపొందించారు. అంటే మన చదువు చరిత్ర ఎవరో వచ్చి ఇచ్చిన దానాల చరిత్ర కాదు. మనవాళ్లు కూడా అక్షరం కోసం తపించారు.

మార్లవాయి

ఇక మన ఉట్నూరు అడవుల సంగతి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఆ పని మీద ఆదిలాబాద్ అడవులకు వచ్చాడు. ఆయనా, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నారు. భూమి లేకపోవడం ఒక దెబ్బ అయితే, చదువు లేకపోవడం రెండో దెబ్బ అని ఆయన గ్రహించాడు. కాగితం మీద ఏముందో తెలియనివాడి భూమిని కాగితంతోనే లాక్కుంటున్నారు.

1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి బడి పంతులుగా పనిచేయగల గోండులు దాదాపు లేరు. కాబట్టి ముందు పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పారు, వాళ్లే తర్వాత పిల్లలకు నేర్పారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు వేశారు. పక్కనే మరాఠీ ప్రాంతం కావడంతో ఆ లిపి ఇక్కడివాళ్లకు కొత్త కాదు. అక్కడ చదువుకున్నవాళ్లు పంతుళ్లయ్యారు. కొందరు గ్రామాధికారులు, గుమస్తాలు అయ్యారు. గోండు పిల్లవాడికి గోండు పంతులు గోండిలో పాఠం చెప్పడం అనే మాట ఎనభై ఏళ్ల కింద మన నేల మీద నిజమైంది. ఈ సంగతి మన యువకుల్లో చాలామందికి తెలియదు.

ఆ మార్లవాయి నుంచే కనక రాజు వచ్చారు. ఘుసాడీ నృత్యాన్ని జీవితమంతా నేర్పిన ఆ గురువుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన కన్నుమూశారు. మొదటి గోండి వాచకమూ, ఘుసాడీ గురువూ ఒకే ఊరివి కావడం మనం పిల్లలకు చెప్పుకోదగిన విషయం. అక్షరం వస్తే ఆట పోతుందని భయపడేవాళ్లకు మార్లవాయే జవాబు.

పాట పుస్తకాలకెక్కింది, బడికి రాలేదు

1956లో రాష్ట్రాలు మారాయి. హైదరాబాద్ రాజ్యంలో ఉన్న ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో గోండి వాచకాలు కనుమరుగయ్యాయి. ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. వాటి వల్ల అన్నం దొరికింది, చదువు దొరికింది, ఉద్యోగాలు వచ్చాయి. ఆ మేలు కాదనలేం. మేమంతా ఆ బడుల్లోంచి వచ్చినవాళ్లమే. కానీ ఆశ్రమ పాఠశాలలో పిల్లవాడు ఏడాదిలో ఎక్కువ రోజులు గూడేనికి దూరంగా ఉంటాడు. పూస మాసంలో కెస్లాపూర్ నాగోబా దగ్గర మెస్రం పెద్దలు కూర్చున్నప్పుడు, రాత్రంతా కిక్రి మోగినప్పుడు వాడు హాస్టల్ గదిలో ఉంటాడు. పాట వినే వయసంతా బడిలో గడిచిపోయింది. బడిలో ఆ పాట లేదు.

ఇక్కడ ఒక వింత చూడండి. మధ్య భారతంలో వెరియర్ ఎల్విన్, శ్యామ్‌రావు హివాలే కలిసి గోండుల పాటలను సేకరించి ఆంగ్లంలోకి మార్చి 1935లోనే పుస్తకంగా వేశారు. హైమండార్ఫ్ కూడా ప్రధాన్లు పాడే మన పురాణాలను రాసుకొని 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పెద్ద పుస్తకం వేశాడు. మన పాట ఇంగ్లండు గ్రంథాలయాలకు చేరింది. మన గూడెంలోని ఒకటో తరగతి గదికి మాత్రం చేరలేదు. 'రేలా' పల్లవి ఉద్యమ పాటల్లోకి, సినిమా పాటల్లోకి, టీవీ కార్యక్రమం పేరులోకి కూడా వెళ్లింది. ఆ పల్లవి పుట్టిన గూడెం పిల్లలకు మాత్రం పాటల పాఠంలో అది కనిపించలేదు.

తరగతిలో దొరికిందల్లా శతక పద్యాలు. వేమన పద్యం, సుమతీ పద్యం చెడ్డవని మేము అనడం లేదు. అవి మాకు ఇష్టం. కానీ వాటిని చెప్పిన పద్ధతి వేరు. పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం, కవి పరిచయం, తర్వాత ప్రశ్నలు. తెలుగే సగం అర్థమయ్యే పిల్లవాడికి ప్రతిపదార్థం ఇంకో కొత్త పద్యం అవుతుంది. తప్పితే బెత్తం. పద్యం అంటే దెబ్బ అని ఒక తరం మొత్తం నేర్చుకుంది.

మళ్లీ వాచకాలు, మళ్లీ లిపి

మార్పు 2004 ప్రాంతంలో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాష ఆధారంగా బహుభాషా విద్య మొదలుపెట్టారు. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషలకు తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఆ వాచకాలు రాసినవాళ్లలో ఆయా భాషల ఉపాధ్యాయులున్నారు. ఊరి పెద్దలను అడిగి కథలు, పాటలు, పొడుపు కథలు రాసుకొచ్చారు. మొదట ఇంటి మాటతో చదువు, దాని మీదుగా మెల్లగా తెలుగు అన్నది ఆలోచన.

ఆ వాచకాలు వచ్చిన బడుల్లో పిల్లలు నోరు తెరవడం మేము కళ్లారా చూశాం. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ అని లెక్కపెడుతూ గంతులేసిన పిల్లవాడు ఒకటి, రెండు, మూడు, నాలుగు దగ్గరికి భయం లేకుండా వస్తాడు. రండ్, రెండు అని పక్కపక్కన రాసి చూపిస్తే 'ఇవి అన్నదమ్ములు' అని వాళ్లే అంటారు. గోండిలో ఏర్ అంటే నీళ్లు, తెలుగులో ఏరు అంటే వాగు. ఇలాంటి జంటలు పది దొరికితే పిల్లలకు తెలుగు పరాయి భాషగా అనిపించదు, దూరపు చుట్టంగా అనిపిస్తుంది.

2006 ప్రాంతంలో నార్నూరు మండలం గుంజాలలో గోండి రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిపై పనిచేసింది. ఆ లిపి చదవగలిగిన ఊరి పెద్దలే దాన్ని పిల్లలకు నేర్పడానికి ముందుకు వచ్చారు. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. మన భాషకు రాత లేదని, మనవి రాత లేని జాతులని చెప్పిన మాటలన్నీ ఒక్క ఊరి రాతప్రతులతో తేలిపోయాయి.

అయితే వాచకం ఉన్నంత మాత్రాన పాట బతకదు. వాచకాలు కొన్నిచోట్ల బీరువాల్లో ఉండిపోయాయి. కొన్నిచోట్ల ఆ భాష రాని పంతులు వచ్చారు. ఇప్పుడు ఇంగ్లిషు మీడియం కావాలని తల్లిదండ్రులే అడుగుతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. పిల్లలకు ఉద్యోగం రావాలని ఏ తల్లి కోరుకోదు? ఇంగ్లిషు నేర్పడానికి ఇంటి మాటను తీసేయనక్కర లేదని వాళ్లకు చూపించవలసిన పని మనది.

తరగతి గదిలో పాటను ఎట్లా పంచుకోవాలి

ఇన్నేళ్లలో మేము తోటి ఉపాధ్యాయులతో కలిసి చేసి చూసినవి, ఫలితం కనిపించినవి కొన్ని ఇక్కడ రాస్తున్నాం.

మొదటిది, పాటను ముందు విననివ్వాలి. పుస్తకం తెరవకముందే పంతులు పాడాలి. గొంతు బాగుండనక్కర లేదు. పిల్లలు తాళం వేస్తారు. రెండు మూడు రోజులు పాడిన తర్వాతే అక్షరం చూపించాలి. నోటికి వచ్చిన పాటను అచ్చులో చూసినప్పుడు పిల్లవాడు చదవడు, గుర్తుపడతాడు. ఆ గుర్తుపట్టడమే చదువుకు మొదటి మెట్టు.

రెండోది, పాట అయిపోగానే ప్రశ్న అడగకూడదు. 'ఈ పాట వింటే నీకేం కనిపించింది?' అని ఒక్క మాట అడిగితే చాలు. ఒకరు వాగు అంటారు, ఒకరు మేక అంటారు, ఒకరు అవ్వ అంటారు. అన్నీ సరైనవే. పాటకు ఒకే తాత్పర్యం ఉంటుందన్నది పరీక్ష పెట్టిన అలవాటు. గూడెంలో పాట విన్న పదిమందికి పది అర్థాలు తోస్తాయి, ఎవరికీ మార్కులు తగ్గవు.

మూడోది, మన పాటకూ తెలుగు పద్యానికీ వంతెన వేయాలి. రేలా పాటలో ఒకరు ఒక చరణం అందుకుంటారు, గుంపంతా పల్లవి అంటుంది. శతక పద్యంలో చివర మకుటం వస్తుంది. మకుటం కూడా ఒక పల్లవిలాంటిదే కదా. అందుకే మేము వేమన పద్యాన్ని ఇట్లా పాడిస్తాం: పై పాదాలు ఒక పిల్ల చెబుతుంది, మకుటం తరగతంతా కలిసి అంటుంది. వేమన ఎక్కువగా వాడిన ఆటవెలది దేశి ఛందస్సు. ఆ పేరులోనే ఆట ఉంది. చప్పట్లు కొడుతూ అంటే పిల్లలకు నడక దొరుకుతుంది. వారం తిరగకుండా నాలుగు పద్యాలు వాళ్లంతట వాళ్లే చెబుతారు. అర్థం ఆ తర్వాత వాళ్లే అడుగుతారు.

నాలుగోది, పిల్లలతో పాట కట్టించాలి. చైత్రంలో ఇప్పపువ్వు, ఎండల్లో తునికాకు, వానల్లో పత్తి విత్తడం, వానలు వెనుకబడ్డాక దండారి. ఏ నెలకు ఆ నెల పాట దొరుకుతుంది. పిల్లలు చూసింది ఇంటి మాటలో ఒక్కో వరుస చెబితే నల్లబల్ల మీద రాయాలి. తప్పొప్పులు దిద్దకుండా రాయాలి. తర్వాత అందరూ కలిసి దాన్ని తెలుగులోకి మార్చాలి. ఒక మాటకు తెలుగులో మాట దొరకనప్పుడు జరిగే వాదన ఏ వ్యాకరణ పాఠం కంటే గొప్పది. ఇట్లా వచ్చిన పాటలను గోడపత్రికలో అంటించాలి. ఏడాది చివర కుట్టి పుస్తకం చేయాలి. కింద పిల్లల పేర్లుండాలి. తన పేరు కవిగా చూసుకున్న పిల్ల బడి మానదు.

ఐదోది, ఒకే తరగతిలో గోండు, కొలాం, తోటి, లంబాడా పిల్లలు ఉంటారు. ఏ ఒక్క భాషే మొత్తం గదిని ఆక్రమించకూడదు. వారానికి ఒక రోజు ఒక భాష పాట. గోండి పాట కొలాం పిల్లవాడు నేర్చుకుంటాడు, కొలామి పాట గోండు పిల్ల నేర్చుకుంటుంది. 2011 జనగణనలో దేశం మొత్తం మీద గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలైతే, కొలామి మాట్లాడేవాళ్లు సుమారు 1 లక్షా 28 వేలే. చిన్న భాషకు పెద్ద భాష పక్కన చోటు ఇవ్వడం కూడా బడిలోనే నేర్పాలి. మనకు తెలుగువాళ్లు చేయలేదని బాధపడిన పని మనం కొలాం పిల్లలకు చేయకపోతే ఎట్లా?

ఏది తేవాలి, ఏది తేకూడదు

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మన పాటలన్నీ బడికి తెచ్చేవి కావు. పెర్సపేన్ కథ పాడే హక్కు ప్రధాన్లది. ఒక్కో గోత్రానికి వంశపారంపర్యంగా వాళ్ల ప్రధాన్ ఉంటాడు. కొన్ని కథలను దేవుడి ముందు, ఆ వేళకే, కిక్రి మీదే పాడాలి. చావు పాటను తరగతిలో చప్పట్లు కొట్టించి పాడించలేం. పాట సేకరించేటప్పుడు 'ఇది బడిలో పాడవచ్చా?' అని పెద్దలను అడగడం మర్యాద. ఫోనులో రికార్డు చేసి ఎక్కడ పడితే అక్కడ పెట్టే ముందు కూడా అడగాలి. పాడినవాళ్ల పేరు, ఊరి పేరు రాయాలి. మన పాటలు తీసుకొని మన పేరు వదిలేసినవాళ్లను చూశాం. ఆ పని మనమే చేయకూడదు.

ప్రధాన్లను, తోటివాళ్లను, డోలి కోయలను బడికి గౌరవంగా పిలవాలి. కుర్చీ వేయాలి. ఏడాదికి ఒకసారి వేదిక మీద శాలువా కప్పి పంపిస్తే సరిపోదు, పిల్లల మధ్య కూర్చోబెట్టాలి. మణుగూరు దగ్గరి సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మ చరిత్రను డోలు కొట్టి పాడేవారు. 2022లో పద్మశ్రీ ప్రకటిస్తే దేశమంతా ఆయన పేరు విన్నది. తర్వాత ఆయన కన్నుమూశారు. పద్మశ్రీ వస్తేనే పెద్దమనిషి అనుకుంటే, రాని వందమంది మన ఊళ్లలోనే ఎవరికీ తెలియకుండా వెళ్లిపోతారు. అలాంటి ఒక్క గొంతు ఆగితే దాని వెనక ఎన్ని రాత్రుల పాట ఆగిపోతుందో లెక్కలేదు.

పాడించేవాళ్లు ఎవరు?

ఇదంతా జరగాలంటే పిల్లల భాష తెలిసిన పంతులు కావాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో జీవో నంబరు 3 వచ్చింది. దానితో మన గూడేల నుంచి ఎందరో పంతుళ్లయ్యారు. నూరు శాతం రిజర్వేషను చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. ఉద్యోగాల కోణంలో ఈ తీర్పు గురించి చాలా మాట్లాడుకున్నాం. పిల్లల కోణంలో తక్కువ మాట్లాడుకున్నాం. గూడెం బడికి వచ్చే పంతులుకు పిల్లవాడి మాట తెలియకపోతే మార్లవాయి ముందటి రోజులకు మనం వెనక్కి పోయినట్టే.

చట్టంలో మనకు ఆధారం లేకపోలేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని 1956లో చేర్చిన రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు మాతృభాషే బోధనా భాషగా ఉండాలంటుంది. 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీ, బోడో ఎనిమిదో షెడ్యూల్‌లో చేరాయి. గోండి ఇంకా చేరలేదు. అడగవలసినవి అడుగుదాం. ఏ పంతులు వచ్చినా, ఆ ఊరి భాష నేర్చుకోవడం ఉద్యోగంలో భాగం కావాలని అడుగుదాం. పర్లాకిమిడి పంతులు నేర్చుకోగా లేనిది ఇప్పటి పంతులు ఎందుకు నేర్చుకోలేడు?

తీర్పులు, సవరణలు వచ్చేదాకా కూర్చోనక్కర లేదు. చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ దండారికి ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చోండి. అనుమతి అడిగి ఒక్క పాట రాసుకోండి, తెలుగు లిపిలో రాసినా సరే, గుంజాల లిపి వస్తే ఇంకా మంచిది. సెలవులయ్యాక మీ ఊరి బడికి వెళ్లి అది పిల్లలకు పాడి వినిపించండి. తోటి ఉపాధ్యాయులారా, వాళ్లు వచ్చినప్పుడు ఆ రోజు పాఠం కాసేపు పక్కన పెట్టండి. సిలబస్ రేపు కూడా ఉంటుంది. ఆ పాట తెలిసిన అవ్వ రేపు ఉంటుందో లేదో మనకు తెలియదు.